పీటర్ చెక్: హెల్మెట్ గోలీ కెరీర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పీటర్ చెక్ పేరు ఎత్తగానే అందరూ అడిగేది ఆ నల్ల హెల్మెట్ గురించే. ఆ కథ కూడా కింద ఉంది, తొందరున్నవాళ్ళు నేరుగా అక్కడికి పోవచ్చు. కానీ నన్నడిగితే ఈయన కెరీర్‌లో హెల్మెట్ కంటే ముందు చూడాల్సింది గోల్ ముందు నిలబడే తీరు, బాల్ రాకముందే చేసుకునే పని. అందుకే ఏ ప్రశ్న అడిగినా తిరిగి తిరిగి అక్కడికే వస్తుంటాను, ఏమీ అనుకోకండి.

ఇంతకీ ఎవరీయన? రెండు ముక్కల్లో చెప్పండి

చెక్ రిపబ్లిక్ గోల్‌కీపర్. 1982 మే 20న ప్ల్జెన్ అనే ఊళ్ళో పుట్టాడు, మనిషి 6 అడుగుల 5 అంగుళాలు. 1999లో సొంత దేశం లీగ్‌లో మొదలెట్టి 2019లో ఆపేశాడు, అంటే ఇరవై ఏళ్ళు. అందులో 2004 నుంచి 2015 దాకా లండన్ క్లబ్ చెల్సీ, ఆ తర్వాత నాలుగేళ్ళు అదే ఊళ్ళోని ఆర్సెనల్. ఇంగ్లండ్ టాప్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో 443 మ్యాచ్‌లు ఆడితే అందులో 202 మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా పడలేదు, ఆ లీగ్‌లో 200 దాటిన గోలీ ఇంకొకడు లేడు. దేశం తరఫున 124 మ్యాచ్‌లు, అదీ వాళ్ళ రికార్డే.

చిన్నప్పటి నుంచీ గోలీయేనా?

కాదు, ఫార్వర్డ్‌గా ఆడేవాడు. పదేళ్ళ వయసులో కాలు విరిగింది, తిరిగొచ్చాక గోల్‌లో నిలబెట్టారు, ఇక అక్కడే ఉండిపోయాడు. ముగ్గురు కవలల్లో ఒకడు, ఒక తమ్ముడు చిన్నప్పుడే జబ్బు చేసి పోయాడు, చెల్లెలు ఉంది.

మొదట సొంతూరి క్లబ్ విక్టోరియా ప్ల్జెన్ పిల్లల టీముల్లో పెరిగాడు, తర్వాత బ్ల్షానీ అని బీరుకి వేసే హాప్స్ పండించే చిన్న పల్లెటూరి క్లబ్‌లో 17 ఏళ్ళకే పెద్దవాళ్ళ లీగ్ ఆడాడు. అంత చిన్న ఊరికి టాప్ లీగ్‌లో టీం ఉండటమే ఒక వింత. అక్కణ్ణుంచి స్పార్టా ప్రాగ్, 2002లో ఫ్రాన్స్‌లోని రెన్ క్లబ్. అదే ఏడాది అండర్ 21 యూరో ఫైనల్‌లో ఫ్రాన్స్ మీద పెనాల్టీ షూటౌట్‌లో గెలిపించాడు. వాళ్ళు కొట్టిన పెనాల్టీల్లో లోపలికి పోయింది ఒక్కటే, పేరు బయటి దేశాల్లో వినపడింది అప్పుడే.

చెల్సీకి ఎలా వచ్చాడు?

రెన్ క్లబ్‌కి 70 లక్షల పౌండ్లు ఇచ్చి తెచ్చుకున్నారు. ఇప్పటి రేట్లతో చూస్తే చిల్లర డబ్బులు. అప్పటికి చెల్సీ గోల్‌లో కుడిచీని ఉన్నాడు, మంచి గోలీ, ఫ్యాన్స్‌కి బాగా ఇష్టం కూడా. అందరూ ఈ కుర్రాడు బెంచ్ మీద కూర్చుంటాడనుకున్నారు, కానీ సీజన్ ముందు కుడిచీనికి మోచేతి దెబ్బ, కొత్త కోచ్ మొరీనియో చెక్‌ని దింపాడు, మొదటి మ్యాచ్‌లోనే మాంచెస్టర్ యునైటెడ్ మీద 1-0, ఇక కుడిచీనికి ఆ స్థానం తిరిగి దక్కలేదు. గోలీల బతుకు ఇంతే, గోల్‌లో చోటు ఒక్కటే, పక్కవాడికి దెబ్బ తగిలితే నీకు తలుపు తెరుచుకుంటుంది. పదేళ్ళ తర్వాత ఇదే కథ మనోడి మీదకే తిరిగింది, కింద చెప్తాను.

2004-05 సీజన్ గురించి ఎందుకు అంతలా చెప్పుకుంటారు?

38 లీగ్ మ్యాచ్‌ల్లో చెల్సీకి పడిన గోల్స్ మొత్తం 15. అవును పదిహేనే. చెక్ ఒక్కడి ఖాతాలో 24 క్లీన్ షీట్లు, అంటే ఒక్క గోల్ కూడా పడని మ్యాచ్‌లు. మధ్యలో వరసగా 1,025 నిమిషాలు గోల్ పడకుండా నడిపించాడు, నిమిషాల రికార్డుని తర్వాత 2008-09లో మాంచెస్టర్ యునైటెడ్ గోలీ వాన్ డెర్ సార్ 1,311తో దాటేశాడు గానీ ఆ 15 మాత్రం అలాగే ఉంది. అప్పుడు మనోడికి 22 ఏళ్ళు, గోలీల లెక్కలో ఆ వయసు పసిపిల్లాడి కిందే.

అదంతా డిఫెన్స్ గొప్పతనం కదా? ముందు టెర్రీ, కార్వాల్యో లాంటి డిఫెండర్లు, మకలెలె లాంటి మిడ్‌ఫీల్డర్ ఉంటే ఎవరైనా ఆపుతారు

ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. సగం నిజమే, ముందు అంత గట్టి టీం లేకపోతే 15 అనే అంకె రాదు. కానీ మిగతా సగం ఎక్కడుందంటే, గోలీ చేసే పనిలో ఎక్కువ భాగం మనకి టీవీలో కనపడదు.

గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. ఎంత పొడుగు మనిషైనా మధ్యలో నిలబడితే రెండు పక్కలా బోలెడంత ఖాళీ ఉంటుంది. అందుకని బాల్ ఎక్కడుందో చూసుకుని, బాల్ నుంచి రెండు పోస్టులకీ గీతలు గీస్తే వచ్చే త్రికోణం మధ్యలో ఉండేలా అడుగులు వేస్తూ పోవాలి, ఇంకొంచెం ముందుకొస్తే కొట్టేవాడికి కనపడే గోల్ చిన్నదవుతుంది, మరీ ముందుకొస్తే నెత్తి మీంచి లేపేస్తాడు. ఇదంతా బాల్ కదిలిన ప్రతిసారీ మళ్ళీ మొదటికొస్తుంది. షాట్ కొట్టే క్షణానికి రెండు కాళ్ళూ నేల మీద ఉండాలి, నడుస్తూ ఉంటే అయిపోయినట్టే, ఎందుకంటే ఒక కాలు గాల్లో ఉన్నప్పుడు ఇంకో వైపు దూకలేవు. పాత మ్యాచ్‌లు పెట్టుకుని చెక్ పాదాలు మాత్రమే చూడండి. అవతలివాడు కాలు వెనక్కి తీయగానే చిన్న గెంతు, రెండు పాదాలూ ఒకేసారి నేలకి ఆనతాయి, ఆగుతాడు. షాట్ నేరుగా ఒళ్ళోకి వస్తుంది, కామెంటేటర్ గోలీ మీదకే కొట్టాడంటూ స్ట్రైకర్‌ని తిడతాడు. గోలీ మీదకి వచ్చేలా గోలీయే నిలబడ్డాడన్న సంగతి ఎవడూ చెప్పడు.

అందుకే నాకు ఎగిరెగిరి డైవ్ కొట్టేవాళ్ళ రీల్స్ చూస్తే పెద్ద అనుమానమే వస్తుంది, ఒక అడుగు తప్పు వేసినందుకు కూడా అంత డైవ్ కొట్టాల్సి రావచ్చు కదా. ఇందులో నాకు కొంచెం మొండితనం ఉంది, ఒప్పుకుంటాను.

సరే, హెల్మెట్ ఎందుకు పెట్టుకుంటాడు?

2006 అక్టోబర్ 14, రెడింగ్ గ్రౌండ్‌లో మ్యాచ్. మొదలై ఇంకా నిమిషం కూడా కాలేదు. బాక్స్‌లోకి వచ్చిన బాల్ కోసం చెక్ వంగి కిందకి జారాడు, ఎదురుగా పరిగెత్తుకొచ్చిన స్టీఫెన్ హంట్ మోకాలు నేరుగా తలకి తగిలింది. పుర్రె ఎముక లోపలికి నొక్కుకుపోయింది. గ్రౌండ్‌లోనే చాలాసేపు చూశారు, బయటికి తీసుకెళ్ళారు, ఆక్స్‌ఫర్డ్‌లో ఆపరేషన్ చేసి లోహపు ప్లేట్లు వేశారు. ప్రాణం మీదకొచ్చిన దెబ్బ అది, అతిశయోక్తి కాదు. హంట్ కావాలని చేశాడా లేదా అని ఏళ్ళ తరబడి వాదించుకున్నారు, కావాలని చేయలేదని హంట్ ఎప్పుడూ చెప్తూనే ఉన్నాడు, రిఫరీ కార్డు కూడా ఇవ్వలేదు.

ఆ రోజు ఇంకో విడ్డూరం జరిగింది, అది చాలామందికి గుర్తుండదు. చెక్ బదులు వచ్చిన కుడిచీని కూడా అదే మ్యాచ్ చివర్లో తలకి దెబ్బ తగిలి స్పృహ తప్పాడు. సబ్‌లు అయిపోయాయి, డిఫెండర్ జాన్ టెర్రీ గోలీ షర్టు తొడుక్కుని మిగిలిన నిమిషాలు నిలబడ్డాడు. చెల్సీ చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు 1-0తో గెలిచింది.

అంబులెన్స్ రావడం గురించి, గ్రౌండ్‌లో డాక్టర్లు ఎక్కడ ఉండాలన్నదాని గురించి మొరీనియో చాలా గొడవ చేశాడు, ఆ తర్వాత ప్రీమియర్ లీగ్‌లో ఆటగాళ్ళ కోసం గ్రౌండ్ దగ్గర ఉండాల్సిన వైద్య ఏర్పాట్ల రూల్స్ గట్టిపడ్డాయి. ఇప్పుడు తలకి దెబ్బ తగిలితే మామూలు సబ్‌ల లెక్కలో లేకుండా అదనంగా మనిషిని మార్చుకోవచ్చు, ప్రీమియర్ లీగ్‌లో 2021 నుంచి ఉంది. చెక్ రోజుల్లో ఇవేవీ లేవు.

చాలామంది ఈ సీజన్ అయిపోయిందనుకున్నారు, కొందరైతే కెరీరే అయిపోయిందన్నారు. మూడు నెలలు తిరిగేసరికి 2007 జనవరి 20న లివర్‌పూల్ గ్రౌండ్‌లో దిగాడు, తల మీద నల్లటి రగ్బీ టోపీ లాంటిది. ఆ మ్యాచ్ 2-0తో ఓడిపోయారు లెండి. తిరిగి ఆడొచ్చని డాక్టర్లు ఒప్పుకున్నదే అది పెట్టుకుంటానంటే, అందుకే చివరి మ్యాచ్ దాకా తీయలేదు.

అది గట్టి హెల్మెట్టా? రూల్స్ ఒప్పుకుంటాయా?

గట్టిది కాదు, క్రికెట్ హెల్మెట్‌లా అనుకోకండి. రగ్బీ వాళ్ళు పెట్టుకునే మెత్తని ఫోమ్ టోపీ, గడ్డం కింద పట్టీ ఉంటుంది. ఇంకొకడికి గుచ్చుకోకుండా మెత్తగా ఉంటే ఫుట్‌బాల్ రూల్స్ ఒప్పుకుంటాయి. ఎముక విరిగిన చోట మళ్ళీ దెబ్బ పడితే కాస్త కాపాడుతుంది, అంతవరకే.

దెబ్బ తర్వాత భయపడి ఆట మారలేదా?

మారిందని వాదించేవాళ్ళున్నారు, క్రాస్‌లకి, అంటే పక్కల నుంచి గోల్ ముందుకి లేపే బాల్స్‌కి, బయటికి రావడం తగ్గించాడని, మునుపటంత దూకుడు లేదని. నాకు పూర్తిగా అబద్ధం అనిపించదు. కానీ దెబ్బ తర్వాత వచ్చినవి చూడండి, 2009-10 టైటిల్, మూడు గోల్డెన్ గ్లవ్ అవార్డులు (సీజన్‌లో ఎక్కువ క్లీన్ షీట్లు ఉన్న గోలీకి ఇచ్చేది), 2010 ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో పోర్ట్స్‌మత్ మీద కెవిన్ ప్రిన్స్ బోటెంగ్ పెనాల్టీని కాళ్ళతో ఆపడం, ఇక 2012. చెల్సీకి మొత్తం 494 మ్యాచ్‌లు, 228 క్లీన్ షీట్లు, క్లబ్ రికార్డు. అందులో ఎక్కువ భాగం టోపీతో ఆడినవే.

2012 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో అసలేం జరిగింది?

నా లెక్కలో ఒక గోలీ ఒక్క రాత్రిలో చేసిన పనుల్లో దీన్ని మించింది చాలా తక్కువ.

ఛాంపియన్స్ లీగ్ అంటే యూరప్ క్లబ్‌లకి అన్నిటికంటే పెద్ద కప్పు. మే 19, మ్యూనిక్, అవతల బయెర్న్ మ్యూనిక్, గ్రౌండ్ కూడా వాళ్ళ సొంతదే. మనకి అప్పటికి అర్ధరాత్రి దాటింది, పన్నెండుంబావుకి మొదలైంది, ఇంట్లోవాళ్ళు నిద్రపోతుంటే సౌండ్ మ్యూట్ చేసుకుని చూసినవాళ్ళు ఎంతమందో. బయెర్న్ వాళ్ళు ఆట మొత్తం దాడే, 83వ నిమిషంలో ముల్లర్ గోల్, ఐదు నిమిషాలకి డ్రోగ్బా హెడర్‌తో సమం. ఎక్స్‌ట్రా టైం మొదలవగానే అదే డ్రోగ్బా తన బాక్స్‌లో రిబెరీని పడేశాడు, పెనాల్టీ. కొట్టేది రాబెన్. ఈ రాబెన్ మూడేళ్ళు చెల్సీలో చెక్‌తో కలిసి ఆడినవాడే. చెక్ తన ఎడమ వైపుకి దూకి, కింద నుంచి వచ్చిన బాల్‌ని ఆపడమే కాదు, వెంటనే పట్టేసుకున్నాడు, రీబౌండ్ కోసం ఉరికినవాళ్ళు అలా నిలబడిపోయారు.

షూటౌట్‌లో చెల్సీ మొదటి కిక్కే మాటా పోగొట్టాడు. లామ్, గోమెజ్ కొట్టారు, మూడోది బయెర్న్ గోలీ నోయర్ తనే వచ్చి కొట్టాడు. నాలుగోది ఒలిచ్, చెక్ ఆపాడు. ఐదోది ష్వైన్‌స్టైగర్, చెక్ వేలికొన తగిలి పోస్టుకి కొట్టుకుని బయటికొచ్చింది. డ్రోగ్బా చివరిది లోపలేశాడు, 4-3.

ఇందులో అసలు లెక్క ఏంటంటే రాబెన్‌తో కలిపి ఆరు పెనాల్టీలకీ చెక్ సరైన వైపే దూకాడు. ఆరుకి ఆరు. పడినవాటికి కూడా సరైన వైపే వెళ్ళాడు, అందలేదు అంతే. అన్నట్టు మర్నాడే అతని ముప్పయ్యో పుట్టినరోజు, మన టైం ప్రకారమైతే ఆ కప్పు ఎత్తేసరికే పుట్టినరోజు వచ్చేసింది.

ఆరింటికీ సరైన వైపు ఎలా? అదృష్టమేనా?

గుడ్డిగా దూకితే సగంసార్లు తప్పుతుంది, ఆరూ కుదరడానికి లాటరీ తగలాలి. మ్యాచ్‌కి ముందు 2007 నుంచి బయెర్న్ వాళ్ళు కొట్టిన పెనాల్టీలన్నీ ఉన్న డీవీడీ కూర్చుని చూశాడు. గోల్‌కీపింగ్ కోచ్ క్రిస్టోఫ్ లొలిషోన్, రెన్ రోజుల నుంచీ ఇతన్ని ఎరిగినవాడు, 2007లో చెల్సీకి వచ్చాడు, ఇలాంటి హోంవర్క్ అంటే ఇద్దరికీ పిచ్చి. ఎవడు ఎటు ఎక్కువ కొడతాడు, పరుగులో ఆగుతాడా, మ్యాచ్ టైంలో ఒకలా షూటౌట్‌లో ఇంకోలా కొడతాడా, ఇవన్నీ ముందే బుర్రలో ఉంటే ఆ సెకనులో ఒంటిని చూసి నిర్ణయం తీసుకోవడం తేలిక.

11 మీటర్ల దూరం, గట్టిగా కొడితే అర సెకను కూడా పట్టదు. బాల్ కదిలాక ఆలోచిస్తే అయిపోయినట్టే. అందుకని కొట్టేవాడి నిలబడిన కాలు ఎటు తిరిగిందో, నడుము ఎలా ఉందో అప్పటికప్పుడు చూసుకుని ముందే తెలిసినదానితో కలిపి దూకాలి. నాలుగేళ్ళ ముందు 2008లో మాస్కోలో జరిగిన ఇదే కప్పు ఫైనల్‌లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు క్రిస్టియానో రొనాల్డో పెనాల్టీని కూడా చెక్ ఆపాడు, టెర్రీ కాలు జారి, అనెల్కాది వాన్ డెర్ సార్ ఆపేసి ఓడిపోయారు గనక దాన్నెవరూ తలుచుకోరు.

తప్పులేం చేయలేదా? దేవుడిలా చెప్తున్నారు

ఎందుకు చేయలేదు. అన్నిటికంటే పెద్దది 2008 యూరోలో, జెనీవాలో టర్కీ మీద. చెక్ రిపబ్లిక్ టీం 2-0తో ముందుంది, గెలిస్తే క్వార్టర్స్. 75వ నిమిషంలో ఒకటి పడింది. 87లో కుడి వైపు నుంచి మామూలు క్రాస్, చెక్ లాంటివాడు రోజుకి వంద పట్టే రకం, రెండు చేతుల్లోంచి జారి నిహత్ కాళ్ళ దగ్గర పడింది. రెండు నిమిషాలకి నిహత్ ఇంకోటి, 3-2, ఇంటికి. నోటికాడి ముద్ద జారిపోవడం అంటే అదే. వాన, తడి బాల్, ఎన్ని చెప్పినా తప్పు తప్పే.

ఆర్సెనల్‌లో మొదటి లీగ్ మ్యాచ్ కూడా అంతే, 2015 ఆగస్టులో వెస్ట్ హామ్ మీద 2-0తో ఓడిపోయారు, రెండు గోల్స్‌లోనూ ఇతని పాలు ఉంది. స్ట్రైకర్ ఐదు ఛాన్సులు పోగొట్టి ఒకటి కొడితే హీరో, గోలీ ఐదు ఆపి ఒకటి వదిలితే ఆ ఒక్కటే వారమంతా తిప్పి తిప్పి చూపిస్తారు. అయినా అదే సీజన్ చివరికి గోల్డెన్ గ్లవ్ ఇతనికే వచ్చింది.

దేశం తరఫున ఏం గెలిచాడు?

సీనియర్స్‌లో కప్పులేం లేవు. దగ్గరికొచ్చింది 2004 యూరోలో, నెద్వెద్, కోలర్, బారోష్ ఉన్న ఆ టీం చూడ్డానికి ఎంత బాగుండేదో, నెదర్లాండ్స్ మీద 0-2 నుంచి 3-2 గెలిచారు, సెమీస్‌లో గ్రీస్ చేతిలో సిల్వర్ గోల్‌తో (ఎక్స్‌ట్రా టైం మొదటి సగం అయ్యేసరికి ముందున్నవాళ్ళే గెలిచినట్టనే అప్పటి రూల్) పోయారు. వరల్డ్ కప్ ఒక్కటే ఆడాడు, 2006, గ్రూపులోనే ఔట్. 2016 యూరో తర్వాత దేశం ఆట మానేశాడు.

మరి చెల్సీ ఎందుకు వదిలేసుకుంది?

కుర్త్వా అనే బెల్జియం గోలీ వల్ల. ఇదే నేను పైన చెప్తానన్నది. చెల్సీ కుర్త్వాని కొనేసి మూడేళ్ళు అట్లెటికో మాడ్రిడ్‌కి లోన్ ఇచ్చింది. 2014 ఏప్రిల్‌లో ఛాంపియన్స్ లీగ్ సెమీస్ మాడ్రిడ్‌లో జరిగితే అవతలి గోల్‌లో కుర్త్వాయే. ఆ మ్యాచ్‌లో కార్నర్‌కి లేచి కిందపడి చెక్ భుజం దెబ్బతింది, సీజన్ అక్కడికి సరి. రెండు నెలల తర్వాత కుర్త్వా వెనక్కొచ్చాడు, 22 ఏళ్ళవాడు, 2004లో చెక్ వచ్చినప్పటి వయసే. మొరీనియో కొత్త సీజన్ మొదటి మ్యాచ్‌కి అతన్నే దింపాడు.

చెక్ ఏడాదంతా బెంచ్ మీద కూర్చున్నాడు. లీగ్‌లో కొన్ని మ్యాచ్‌లే వచ్చాయి, లీగ్ కప్ ఫైనల్ మాత్రం ఇచ్చారు, టోటెనమ్ మీద 2-0, అందులోనూ గోల్ పడనివ్వలేదు. పేపర్లకెక్కి కోచ్‌ని తిట్టడం లాంటివేమీ చేయలేదు. తర్వాత లండన్‌లోనే ఉండాలని ఆర్సెనల్‌కి వెళ్ళాడు, శత్రు టీంకి ఇవ్వడం మొరీనియోకి ఇష్టం లేకపోయినా ఓనర్ అబ్రమోవిచ్ ఒప్పుకున్నాడని అప్పట్లో అన్ని పేపర్లూ రాశాయి. 11 ఏళ్ళు చేసినవాడికి ఆపాటి గౌరవం ఇవ్వడం న్యాయమే అనిపిస్తుంది నాకు.

ఆర్సెనల్‌లో ఫెయిల్ అయ్యాడంటారు, నిజమేనా?

మొదటి సీజన్ బాగుంది, తర్వాత నెమ్మదిగా తగ్గింది. 2018 మార్చిలో వాట్‌ఫర్డ్ మీద డీనీ పెనాల్టీ ఆపి 200వ క్లీన్ షీట్ పూర్తి చేశాడు, ఆర్సెనల్‌కి అతను ఆపిన మొదటి పెనాల్టీ అదే.

అసలు కష్టం ఆట మారిపోవడంతో వచ్చింది. కోచ్ వెంగర్ వెళ్ళి ఎమెరీ వచ్చాక గోల్ కిక్ దగ్గర్నుంచి చిన్న పాస్‌లతో ఆడాలన్నాడు. చెక్ చేతులతో పెరిగిన తరం గోలీ, 36 ఏళ్ళకి కాళ్ళతో మిడ్‌ఫీల్డర్‌లా ఆడమంటే ఎలా. మాంచెస్టర్ సిటీ మీద మొదటి మ్యాచ్‌లో పాస్ ఇవ్వబోయి కొద్దిలో సొంత గోల్‌లోకే కొట్టబోయాడు, నెట్ అంతా నవ్వింది. పోటీకి జర్మనీ నుంచి లెనో అనే గోలీ వచ్చాడు, సెప్టెంబర్‌లో చెక్ తొడ కండరం పట్టేసింది, లెనో దిగాడు, ఇక లీగ్‌లో చోటు పోయింది. కుడిచీని కథ, కుర్త్వా కథ, లెనో కథ, మూడూ ఒకటే కదా.

చివరి మ్యాచ్ 2019 మే 29, బాకులో యూరోపా లీగ్ ఫైనల్, అవతల చెల్సీయే, 4-1తో ఓడిపోయారు.

రిటైరయ్యాక ఐస్ హాకీ ఆడాడంటే నిజమా, మీమా?

నిజమే. 2019 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో గిల్డ్‌ఫర్డ్ ఫీనిక్స్ అనే కింది లీగ్ టీంలో గోలీగా దిగాడు. మొదటి మ్యాచ్ షూటౌట్‌కి వెళ్ళింది, అందులో రెండు ఆపాడు, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కూడా ఇతనే. చిన్నప్పటి నుంచీ హాకీ అంటే ప్రాణం, ఆ దేశంలో అది మనకి క్రికెట్ లాంటిది. ఈసారి మాత్రం హెల్మెట్ అందరికీ ఉంది.

అదే సమయంలో చెల్సీలో సలహాదారుగా ఉద్యోగం కూడా చేశాడు, 2022 దాకా. 2020లో గోలీ మెండీని తెచ్చింది అతని సలహాతోనే, అదీ తను వచ్చిన రెన్ క్లబ్ నుంచే. కోవిడ్ రోజుల్లో గోలీలు తక్కువైతే పనికొస్తాడని 38 ఏళ్ళ వయసులో ప్రీమియర్ లీగ్ టీం లిస్టులో పేరు కూడా పెట్టారు. డ్రమ్స్ కూడా వాయిస్తాడు, యూట్యూబ్‌లో వీడియోలున్నాయి, బాగానే వాయిస్తాడు.

మన దగ్గర ఇలాంటి గోలీ ఎవరైనా ఉన్నారా?

పీటర్ తంగరాజ్ గురించి వినకపోతే తప్పకుండా తెలుసుకోండి. హైదరాబాద్‌లో పుట్టాడు, ఆర్మీలో చేరి అక్కడ ఫుట్‌బాల్‌లో పైకొచ్చాడు, ఆ రోజుల్లోనే ఆరడుగులు దాటిన మనిషి. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ టీముల్లో ఉన్నాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద 2-1తో బంగారు పతకం గెలిచినప్పుడు గోల్‌లో ఉన్నది తంగరాజే, కోచ్ కూడా మన హైదరాబాదీ రహీం సాబ్. 1967లో అర్జున అవార్డు. వీడియోలు సరిగ్గా లేవు కాబట్టి పోల్చి చూసే వీల్లేదు, అదే బాధ.

మా అబ్బాయి గోలీ అవుతానంటున్నాడండీ, హెల్మెట్ కొనాలా?

తలకి పాత దెబ్బేదీ లేకపోతే అక్కర్లేదండీ. మెత్తని టోపీ గీతలు, పైపై దెబ్బలు ఆపుతుందేమో గానీ లోపల మెదడు అదరడాన్ని ఆపుతుందని నమ్మకం పెట్టుకోకూడదు. తలకి దెబ్బ తగిలితే ఆ రోజు ఇక ఆడనివ్వకండి, బాగానే ఉన్నానని వాడు ఎంత మొత్తుకున్నా సరే, డాక్టర్‌కి చూపించండి.

ముందు డబ్బు గ్లౌజుల మీద పెట్టండి, అదీ మరీ ఖరీదైనవి వద్దు, ఎదిగే పిల్లలకి ఏడాది తిరక్కుండానే చాలవు. అరచేతి వైపు ఉండే రబ్బరు పొర ఎండితే పగిలిపోతుంది. మ్యాచ్ ముందు కాస్త తడపాలి, అయ్యాక గోరువెచ్చని నీళ్ళలో కడిగి నీడన ఆరేయాలి, మన ఎండలో మేడ మీద తీగకి తగిలించారంటే రెండు నెలల్లో అప్పడం అయిపోతాయి. సిమెంటు నేల మీదో రాళ్ళున్న మైదానంలోనో డైవ్ కొట్టనివ్వకండి. పడటం నేర్పించాలి, మోచేయి మీద కాకుండా ఒంటి పక్క భాగం మీద పడాలి. ముందు అడుగులు వేయడం, నిలబడటం, బాల్ పట్టడం, డైవ్‌లు ఆ తర్వాత. పిల్లలు ఒప్పుకోరనుకోండి, వాళ్ళకి గాల్లో ఎగరడమే కావాలి.

కొత్తగా చూసేవాళ్ళు ఏ మ్యాచ్‌లతో మొదలెట్టాలి?

2012 మ్యూనిక్ ఫైనల్ ఎలాగూ చూస్తారు. దానికి రెండు వారాల ముందు, మే 5న లివర్‌పూల్ మీద ఎఫ్ఏ కప్ ఫైనల్ ఉంది, చెల్సీ 2-1తో ముందుంది, చివర్లో ఆండీ కారల్ దగ్గర్నుంచి హెడర్ కొట్టాడు, లివర్‌పూల్ వాళ్ళు గోల్ అని సంబరం కూడా మొదలెట్టారు, చెక్ వెనక్కి పడుతూ గీత మీద నుంచి బాల్‌ని పైకి, బార్‌కి తగిలేలా తోసేశాడు. గోల్ లైన్ టెక్నాలజీ అప్పటికింకా రాలేదు, అసిస్టెంట్ రిఫరీ కంటి మీదే ఆధారం. ఆ క్లిప్‌ని స్పీడు తగ్గించి, కారల్ తలకి బాల్ తగలకముందు నుంచి చూడండి, చేతిని కాదు, పాదాలని. తర్వాత 2004-05లో ఏదైనా బోర్ కొట్టే 1-0 మ్యాచ్ పెట్టుకోండి, ఆ సీజన్‌లో అలాంటివి బోలెడున్నాయి. టర్కీ మ్యాచ్ కూడా వదలొద్దు, చెక్ ఫ్యాన్స్ దాన్ని లిస్టులో పెట్టరు గానీ నేను పెడతాను.